గాలితో చల్లబడే కారు ఇంజన్‌కు పవర్ పెంచాలంటే కోనసీమలో ఏ దేశపు పద్ధతి మంచిది?

అమలాపురంలో ఉన్న పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ 1600 సీసీ ఇంజన్‌ను జర్మనీ పద్ధతిలో ట్యూన్ చేయించాలా, అమెరికా పద్ధతిలోనా అని అడిగారు. నేనైతే జర్మనీ దారే పడతాను.

1950ల్లో అక్కడ వచ్చిన ఓక్రాసా కిట్లు జంట కార్బురేటర్లు (పెట్రోలును గాలితో కలిపే భాగాలు), మెరుగైన హెడ్లతో (సిలిండర్ల మూతలతో) ముందు ఇంజన్ శ్వాసను బాగుచేసేవి. కాలిఫోర్నియా వాళ్లు డ్రాగ్ రేసుల (తిన్నటి దారిలో పావు మైలు వేగపోటీల) కోసం సిలిండర్లే పెద్దవి చేశారు. 85.5 మి.మీ. వ్యాసమున్న పిస్టన్లు తీసి 90.5వి వేస్తే 1776 సీసీ, 94వి వేస్తే 1915 సీసీ. పావు మైలు పరుగు సెకన్లలో అయిపోతుంది, వేడెక్కేలోపే ఆపేస్తారు. బ్రెజిల్‌లో ఇథనాల్ వాడతారు. అది ఆవిరయ్యేటప్పుడు వేడిని బాగా లాగేస్తుంది కాబట్టి కంప్రెషన్ (సిలిండర్‌లో ఇంధనం, గాలి మిశ్రమాన్ని నొక్కే మోతాదు) పెంచుకోవచ్చు.

మన సంగతి వేరు. బీటిల్ ఫ్యాన్ ఇంజన్ బెల్టుతోనే తిరుగుతుంది. మే నెల ఎండలో, కాలవగట్టు మీద ట్రాక్టరు వెనక నెమ్మదిగా పోతుంటే ఫ్యాన్ కూడా నెమ్మదిస్తుంది. అప్పుడు పెద్ద పిస్టన్ల వేడి ఎక్కడికి పోవాలి?

అందుకే పిస్టన్లు, కంప్రెషన్ కంపెనీవే ఉంచండి. ముందు ఇంజన్ చుట్టూ ఉండే రేకులు, రబ్బరు సీలు సరిచూడండి. అవి లేకపోతే కింది వేడిగాలినే ఫ్యాన్ మళ్లీ పీలుస్తుంది. చేలో ఆయిల్ ఇంజన్‌కు పట్టినట్టే సిలిండర్ల చుట్టూ ఉండే రెక్కల మధ్య జిడ్డు, దుమ్ము పేరుకుంటాయి, అది గీకించండి. తర్వాతే జంట కార్బురేటర్లు. ఇప్పటి ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుకు కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే జెట్లు కాస్త పెద్దవి వేయించి, పాత రబ్బరు పైపులు తప్పకుండా మార్పించండి.