సముద్రం వైపు గోడకు వాల్‌పేపర్ అంటించవచ్చా?

మీ ఫ్లాటు విశాఖ లాసన్స్ బే కాలనీలో మూడో అంతస్తు, కట్టి పాతికేళ్లు దాటింది. డిసెంబరులో పని మొదలుపెట్టి సంక్రాంతికల్లా హాలుకు, రెండు పడకగదులకు రంగులు వేయించాలని, పెద్ద పడకగదిలో మంచం తలవైపు గోడకు, అంటే సముద్రం వైపు గోడకు, వాల్‌పేపర్ అంటించాలని రాశారు. వాల్‌పేపర్ తప్పకుండా అంటించుకోండి, ఆ గోడకు మాత్రం వద్దు. రంగులు కూడా డిసెంబరులో వద్దు. ఈ రెండు పనులూ నేను చేసి నష్టపోయాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మేము పెదవాల్తేరులో ఉంటున్నాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు గాలి వానను నిలువుగా పడనివ్వలేదు, అడ్డంగా తెచ్చి గోడలకేసి కొట్టింది. మా తూర్పు గోడ లోపలి వైపు కూడా తడిసి రంగు మారింది. కిటికీ అద్దాలు మార్పించాం, గోడ పైకి ఆరినట్టే కనిపించింది. ఏటా సంక్రాంతికి ముందు ఇంటికి వెల్ల వేయించడం మా అత్తగారి కాలం నుంచీ ఉన్న అలవాటు. అందుకని డిసెంబరు చివర్లోనే రంగులు వేయించేశాం. మేస్త్రీ గోడ మీద చెయ్యి పెట్టి చూసి, “ఇంకా పచ్చిగా ఉందమ్మా, రెండు నెలలు ఆగితే మంచిది” అన్నాడు. పండుగ ముందర ఎవరు ఆగుతారు? తర్వాతి వానాకాలానికి ఆ ఒక్క గోడ మీదే రంగు బొబ్బలెక్కింది. గోరుతో తాకితే పెచ్చు ఊడి, కింద తెల్లటి ఉప్పు పొడి రాలేది.

ఆ పెచ్చులు కనబడకుండా 2016 మార్చిలో వాల్‌పేపర్ అంటించాం. లేత ఆకుపచ్చ మీద అరటాకుల బొమ్మలు, పైన వినైల్ అనే ప్లాస్టిక్ పొర, తడిగుడ్డతో తుడుచుకోవచ్చు. వేసవి అంతా ఆ గదిలో అడుగుపెడితే చాలు, ఎంతో హాయిగా ఉండేది. ఆగస్టు నుంచి తడిసిన గోనెసంచి వాసన మొదలైంది. బీరువాలో బట్టలేమోనని అన్నీ ఉతికించాను, పరుపు డాబా మీద ఎండలో వేయించాను. దసరాకు ఇల్లు దులుపుతూ మంచం జరిపితే, కింది మూల దగ్గర కాగితం అతుకు విడిపోయి ఉంది. పట్టుకుని లాగాను, జానెడు వెడల్పున చర్రున వచ్చేసింది. వెనక గోడంతా నల్లని చుక్కలు, మధ్యలో అరచేతులంత మచ్చలు. కాగితం వెనక వైపు జిగురు ఉన్నచోటల్లా బూజు. మా చిన్నబాబుకు అప్పట్లో ఆయాసం వచ్చేది. వాడు రోజూ ఆ గోడకు తల పెట్టుకునే పడుకున్నాడు. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

తర్వాత ఆ మేస్త్రీనే పిలిచి అడిగి, తెలుసుకున్నదంతా రాస్తున్నాను. బయటి ప్లాస్టరులో వెంట్రుకవాసి బీటలున్నా వాననీరు ఇటుకలోకి దిగుతుంది. లోపలికి చేరిన నీరు ఆవిరై గదిలోకి రావాలని చూస్తుంది. వస్తూ వస్తూ ఇటుకలోని, సిమెంటులోని లవణాలను కరిగించి తెస్తుంది. నీరు ఆవిరైపోయాక ఆ ఉప్పు గట్టిపడి రంగును పైకి తోస్తుంది. మనవాళ్లు గోడ ఉప్పు పొంగిందనేది దీన్నే. గోడ మీద వినైల్ కాగితం ఉంటే ఆవిరికి బయటపడే దారి కూడా ఉండదు, తడి దాని వెనకే నిలిచిపోతుంది. అంటించే జిగురులో గంజిపదార్థం ఉంటే బూజుకు అదే ఆహారం. కాగితం ఎంత ఖరీదైనదైనా లోపల జరిగేది ఇదే.

కాబట్టి రంగుల కార్డు చేతిలోకి తీసుకోకముందే గోడను పరీక్షించండి. అడుగున్నర చదరం పాలిథిన్ కవరు ముక్క తీసుకుని, నాలుగు వైపులా గాలి దూరకుండా టేపుతో గోడకు అంటించి ఒక పూర్తి రోజు వదిలేయండి. తీసినప్పుడు కవరు లోపలి వైపు, అంటే గోడను ఆనుకున్న వైపు, నీటి చుక్కలుంటే తడి గోడలోంచి వస్తున్నట్టు. పై వైపు చుక్కలుంటే అది గదిలో గాలి తేమ, దానికి కిటికీలు తెరిచి ఉంచితే చాలావరకు సరిపోతుంది. రెండు వైపులా పొడిగా ఉంటే నిశ్చింతగా పని మొదలుపెట్టవచ్చు. కింద, మధ్యన, కిటికీ పక్కన, మూడు చోట్లా చూడండి. తర్వాత రూపాయి బిళ్లతో గోడంతా మెల్లగా తట్టుకుంటూ వెళ్లండి. డొల్ల శబ్దం వచ్చిన చోట ప్లాస్టరు ఇటుకను వదిలేసినట్టే, అక్కడ కొట్టి మళ్లీ పూయించాలి. కొత్త ప్లాస్టరు కనీసం 28 రోజులు ఆరకుండా దాని మీద ఏ పనీ పెట్టవద్దు.

పొంగిన ఉప్పును నీళ్లతో కడగకూడదు. కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. పొడి బ్రష్‌తో రాల్చి, ఆ పొడి ఎత్తి పారేయాలి. అసలు మందు బయటి వైపు ఉంది. బయటి బీటలు పూడ్చి, వాన తట్టుకునే పూత వేయించకుండా లోపల ఎన్ని పూతలు వేసినా డబ్బు దండగ. ఫ్లాటులో బయటి గోడ అందరిదీ కాబట్టి మీ అపార్టుమెంటు సంఘంతో మాట్లాడండి. మేము మా వరుసలోని నాలుగు ఇళ్లవాళ్లం కలిసి ఒకేసారి పరంజా కట్టించాం, తలా కొంత వేసుకున్నాం. విడిగా చేయించుకుంటే పరంజా ఖర్చే మోయలేనంత అవుతుంది.

ఇక కాలం సంగతి. మన తీరంలో అక్టోబరు, నవంబరు నెలలు వాయుగుండాలవి, డిసెంబరు మొదట్లో కూడా వాన పడుతుంది. అప్పటిదాకా నీళ్లు తాగిన గోడ పండుగ నాటికి ఆరదు. సంక్రాంతికి ఇల్లు దులిపి ముగ్గులు పెట్టుకోండి, రంగుల పని ఫిబ్రవరిలో మొదలుపెట్టి ఉగాదికి పూర్తి చేయండి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ ఉన్నా ఉక్కపోత కారణంగా పూత తొందరగా ఆరదు. డబ్బా మీద పూతకూ పూతకూ మధ్య నాలుగు గంటలని రాసి ఉన్నా, సముద్రం గాలి తగిలే గదిలో నేనైతే రాత్రంతా వదిలేయమంటాను.

పాత గోడ మీద అరచెయ్యి రుద్ది చూడండి. తెల్లటి పొడి అంటితే అది పాత డిస్టెంపర్, దాన్ని పూర్తిగా గీకించాలి. దాని మీద ఎమల్షన్ రంగు వేసినా, వాల్‌పేపర్ అంటించినా ఆ పొడితో సహా ఊడి వస్తుంది. గీకాక ఒక పూత ప్రైమర్ (రంగు పట్టడానికి ముందుగా వేసేది), తెల్లసిమెంటు లప్పం రెండు పూతలు, గరుకు కాగితంతో రుద్దడం, మళ్లీ ప్రైమర్, ఆపైన రంగు. బయటి గోడలకు లోపలివైపు పీవోపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) పూయిస్తామంటే ఒప్పుకోవద్దు, తడి తగిలితే అది మెత్తబడిపోతుంది. తలుపులు, కిటికీ చట్రాల మీది పాత ఎనామెల్ రంగు రుద్దించేటప్పుడు పిల్లల్ని ఇంట్లో ఉంచకండి. రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమలవుతోంది. మీ ఫ్లాటు అంతకు చాలా ముందుది కాబట్టి ఆ పాత పూతల్లో సీసం ఉండే అవకాశం ఉంది. తడిపి రుద్దమనండి, పనివాళ్లకు మాస్కులు కొనివ్వండి, ఆ పొడిని చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో ఎత్తించండి.

వాల్‌పేపర్‌కు సరైన చోటు ఇంటి లోపలి గోడ. హాలుకూ పడకగదికీ మధ్యది, రెండు గదుల నడుమది, ఇలా రెండు వైపులా మన ఇల్లే ఉన్న గోడ. అవతల స్నానాల గది ఉంటే మాత్రం అదీ వద్దు. ఏసీ బిగించిన గోడను కూడా వదిలేయండి. మీ పెద్ద గదిలో మంచాన్ని లోపలి గోడ వైపు తిప్పుకునే వీలుంటే మీరనుకున్న అందం మీకు దక్కుతుంది. పొద్దున లేవగానే కిటికీలోంచి సముద్రం కూడా కనిపిస్తుంది. వినైల్ కన్నా నాన్‌వోవెన్ (నేయకుండా పీచుతో చేసిన) రకం తీసుకోండి. దానికి జిగురు గోడకే పూస్తారు, తర్వాత తీసేయాలన్నా నిలువుగా ముక్కలు కాకుండా వస్తుంది.

ఎన్ని రోల్స్ కావాలో చదరపు అడుగుల్లో లెక్క వేయకండి. సాధారణంగా రోలు 53 సెంటీమీటర్ల వెడల్పు, 10 మీటర్ల పొడవు ఉంటుంది, అంటే సుమారు 57 చదరపు అడుగులు. 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గోడ 120 చదరపు అడుగులు కాబట్టి రెండు రోల్స్‌కు కాస్త ఎక్కువ, సర్దుకోవచ్చు అనిపిస్తుంది. సర్దుకోలేం. ఆ వెడల్పుకు ఏడు పట్టీలు పడతాయి. ఒక రోలులో కత్తిరింపు పోను మూడు పట్టీలే వస్తాయి. రెండు రోల్స్‌తో ఆరు పట్టీలు అంటించి ఏడోదానికి మళ్లీ కొట్టుకు వెళ్తే, వేరే బ్యాచ్ రోలు చేతిలో పెడతారు. రెండు బ్యాచుల రంగులో చిన్న తేడా ఉన్నా దీపం వెలుగులో కనిపిస్తుంది. మూడూ ఒకేసారి, బ్యాచ్ సంఖ్య చూసి కొనండి. బొమ్మ పెద్దదైతే పక్కపక్క పట్టీల్లో అది కలవడానికి ఇంకా వృథా పోతుంది.

అంటించే రోజు దగ్గరుండండి. మొదటి పట్టీకి మేస్త్రీ తూకం గుండు వేలాడదీసి గీత గీస్తున్నాడో లేదో చూడండి. పాత ఇళ్లలో గోడ మూల ఎప్పుడూ నిటారుగా ఉండదు. మూలను నమ్మి మొదలుపెడితే ఏడో పట్టీ దగ్గరికి వచ్చేసరికి పూలన్నీ ఒక పక్కకు ఒరిగి ఉంటాయి. పైకప్పు, గోడల రంగులు, తలుపులు అన్నీ ముగిశాకే వాల్‌పేపర్.

రంగు విషయంలో ఒకటే చెబుతాను. కార్డు మీది చిన్న చదరం చూసి నిర్ణయించవద్దు, గోడంతా వేశాక అదే రంగు ముదురుగా కనిపిస్తుంది. చిన్న డబ్బా తెచ్చి రెండడుగుల చదరం వేయించి, పొద్దున సముద్రం వెలుగులో, మధ్యాహ్నం, రాత్రి ఎల్ఈడీ దీపం కింద చూడండి. మేము హాలుకు ఎంచుకున్న లేత బూడిదరంగు తూర్పు వెలుగులో నీలంగా కనిపించింది. నాకు నచ్చలేదు, లేత గోధుమరంగుకు మార్చుకున్నాం. మామూలు పడకగదికి నాలుగు గోడలూ కలిపి 420 చదరపు అడుగులు అనుకుంటే, రెండు పూతలకు లీటరు 120 అడుగుల దాకా వస్తుంది కాబట్టి నాలుగు లీటర్ల డబ్బా సరిపోతుంది. కాస్త మిగిలితే మూత బిగించి దాచండి, మేకు దించిన చోట పూయడానికి పనికొస్తుంది.

మా తూర్పు గోడకు 2017 ఫిబ్రవరిలో బయట బాగు చేయించి, లోపల మామూలు ఎమల్షన్ వేయించాం. బీరువానూ మంచాన్నీ గోడకు నాలుగు అంగుళాలు ఎడంగా ఉంచుతున్నాం. అరటాకుల కాగితాన్ని హాలుకూ గదికీ మధ్య గోడకు మళ్లీ కొని అంటించాం. ఇప్పటికీ ఒక్క అతుకు లేవలేదు.

ఈ రాత్రే కవరు ముక్కలు అంటించండి. రేపు తీశాక చుక్కలు గోడ వైపు ఉన్నాయో గది వైపు ఉన్నాయో, మూడు చోట్లా ఒకేలా ఉన్నాయో లేదో రాయండి. కిటికీ పక్కన మాత్రమే ఉంటే బయటి గోడ మొత్తం ముట్టుకోనక్కర్లేదు, చట్రం చుట్టూ ఉన్న సందు పూడ్పిస్తే చాలు.