పాయింట్ల కోసం పొద్దున పోయి రాత్రికి రావాలంటే

అల్లుడా,

విమానసంస్థ తరచూ ఎక్కేవాళ్లకు ఇచ్చే గోల్డ్ కార్డుకు కొద్ది పాయింట్లే తక్కువ పడ్డాయని, గడువు దాటకముందే ఒకరోజు విమానంలో పోయివచ్చి ఆ లోటు పూడ్చుకుంటానని అంటున్నావట, మీ అమ్మ చెప్పింది. వద్దని అనను. కొలువులో ఉన్నన్నాళ్లు నేనూ ఈ లెక్కలు వేసినవాణ్ణే. అయితే టికెట్ కొనేముందు రెండు సంగతులు కాగితం మీద తేలాలి. ఒక్కో పాయింటుకు నీకు ఎంత పడుతుందన్నది మొదటిది. పాలమూరులో గడప దాటినప్పటి నుంచి మళ్లీ ఇల్లు చేరేదాకా ఆ రోజు ఎట్ల గడుస్తుందన్నది రెండోది.

1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ప్రయాణికుల ఖాతాలో మైళ్లు వేసే తన పథకం మొదలుపెట్టినప్పుడు, ఎంత దూరం ఎగిరితే అన్ని మైళ్లు ఖాతాలో పడేవి. అందుకే చవక టికెట్ దొరికితే చాలు, జనం చుట్టుదారిలో తిరిగి మైళ్లు పోగేసుకునేవాళ్లు. ఆ కాలం చాలావరకు పోయింది. ఎయిర్ ఇండియా 2024లో తన పథకాన్ని ఖర్చు లెక్కకు మార్చింది. ఇప్పుడు దాన్ని మహారాజా క్లబ్ అంటున్నారు. ఇండిగో పథకం బ్లూచిప్ కూడా కట్టిన పైసల మీదే నడుస్తుంది. కాబట్టి ఢిల్లీ దూరం, బెంగళూరు దగ్గర అన్న పాత లెక్క వీటిలో పనికిరాదు.

ఖర్చు అన్నా టికెట్ ధర మొత్తం కాదు. బుక్ చేసేటప్పుడు ధర పక్కన చిన్న బాణం గుర్తు ఉంటుంది, దాన్ని నొక్కి విడివిడిగా చూడు. బేస్ ఫేరు అంటే అసలు ఛార్జీ, విమానసంస్థ వేసుకునే సర్‌చార్జీ, 5 శాతం జీఎస్టీ, విమానాశ్రయం యూజర్ ఫీజు, సెక్యూరిటీ ఫీజు అని వరుసగా కనిపిస్తాయి. పాయింట్లు సాధారణంగా మొదటి రెండింటి మీదే పడతాయి. రానుపోను టికెట్ 8,000 రూపాయలు, అందులో పన్నులు, ఫీజులు 1,800 అనుకుందాం. మిగిలింది 6,200. వందకు 6 పాయింట్ల చొప్పున వేసుకుంటే 372. ఒక్కో పాయింటుకు 30 పైసల విలువ కట్టినా 112 రూపాయలు దాటదు. ఇవి నేను వేసిన అంకెలు, నీ ఖాతాలో ఉన్న రేటు పెట్టి నువ్వే చేసి చూడు. ఎట్ల చేసినా 8,000 పెట్టి కొనదగ్గ సరుకు కాదది. ఉత్త పాయింట్ల కోసమైతే పోనే వద్దు.

ఆ ఖర్చు గిట్టుబాటయ్యేది కార్డు స్థాయి మారినప్పుడే. అక్కడ ఒక మెలిక ఉంది. ఖాతాలో రెండు రకాల పాయింట్లు ఉంటాయి. ఒకటి టికెట్లు కొనుక్కోవడానికి వాడుకునేవి, ఇంకోటి స్థాయిని లెక్కగట్టే టైర్ పాయింట్లు. క్రెడిట్ కార్డు మీద, షాపింగ్ మీద వచ్చేవి ఎక్కువగా మొదటి రకంలోకే పోతాయి. నీకు తక్కువ పడ్డది ఏదో ముందు అది చూడు. గడువు క్యాలెండర్ ఏడాదిదా, నువ్వు చేరిన తేదీ నుంచి పన్నెండు నెలలా అన్నదీ చూసుకో. గోల్డ్ వస్తే వచ్చే ఏడాది నువ్వు ఎన్నిసార్లు ఎక్కుతావు? కంపెనీ పని మీద నెలనెలా తిరిగేవాడివైతే లాంజ్, ముందు వరుస చెకిన్, అదనపు సామాను నిజంగా అక్కరకొస్తాయి. రెండుసార్లే పోతావంటే ఆ 8,000 మీ అమ్మ చేతిలో పెట్టు.

ఎయిర్ ఇండియా 2014 నుంచి స్టార్ అలయెన్స్ అనే విమానసంస్థల కూటమిలో ఉంది కాబట్టి, అందులోని వేరే సంస్థ ఖాతాలోనూ ఈ ప్రయాణాన్ని రాయించుకోవచ్చు. వాటిలో కొన్ని ఇంకా దూరం, టికెట్ క్లాసు చూసే మైళ్లు ఇస్తాయి. అక్కడైతే సుమారు 1,250 కిలోమీటర్ల ఢిల్లీకి విలువ ఉంటుంది. కానీ చవక టికెట్ల క్లాసుకు సున్నా ఇచ్చేవీ ఉన్నాయి, ఏ క్లాసుకు ఎన్ని మైళ్లో ఆ సంస్థ పట్టిక చూడకుండా దిగకు. ఒక ప్రయాణానికి ఒక ఖాతానే, రెండింట్లో పడదు.

పేరు సంగతి మనవాళ్లకు పెద్ద తిప్పలు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందు, పాన్ కార్డులో చివర, పాత సర్టిఫికెట్లలో ఒక్క అక్షరమే. ఖాతా ఒక తీరుగా తెరిచి, టికెట్ ఇంకో తీరుగా కొంటే పాయింట్లు పడకుండా ఆగిపోతాయి. గేటు దగ్గర చూపించే గుర్తింపు కార్డులో ఎట్ల ఉందో ఖాతాలోనూ, టికెట్‌లోనూ అట్లనే ఉండాలి. సభ్యత్వ నంబరు బుకింగ్‌లోనే ఎక్కించు. బోర్డింగ్ పాస్ ఫొటో తీసి, పాయింట్లు పడేదాకా దాచు. పడకపోతే తర్వాత అడిగి వేయించుకోవడానికి అదే ఆధారం.

ఇక దారి. పాలమూరు నుంచి జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా శంషాబాద్‌కు 80 కిలోమీటర్ల పైచిలుకు. చవకగా ఉందని తెల్లారి ఆరు గంటల విమానం కొన్నావంటే రెండున్నరకే బయలుదేరాలి. ఆ వేళ 44వ నంబరు జాతీయ రహదారి నిండా లారీలు. కొన్ని ధాబాల ముందు రోడ్డు పక్కనే లైట్లు లేకుండా ఆగి ఉంటాయి. నిద్రకళ్లతో ఆ రోడ్డు మీద నువ్వు బండి నడపడం నాకు ఏమాత్రం ఇష్టం లేదు. పొద్దున తొమ్మిది, పది మధ్య పోయేది, సాయంత్రం ఆరు, ఏడు మధ్య వచ్చేది చూడు. వెయ్యి రూపాయలు ఎక్కువైనా సరే. హైదరాబాద్ పోయే ఆర్టీసీ బస్సు శంషాబాద్ మీదుగానే పోతుంది. రైలైతే ఉందానగర్ స్టేషన్ శంషాబాద్‌లోనే ఉంది, అక్కడి నుంచి క్యాబ్ మాట్లాడుకోవచ్చు. కారు తీస్తే డీజిలు, రాయికల్ టోలు, రోజంతా పార్కింగు కూడా పాయింటు ఖరీదులో కలుపు. నల్లగొండ నుంచి మీ బావ నీతో వస్తానంటే చౌటుప్పల్, పెద్ద అంబర్‌పేట మీదుగా ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి నేరుగా అక్కడికే రమ్మను. ఆయన కోసం నువ్వు నగరంలోకి పోకు.

ఊరు ఎంచుకునేటప్పుడు కాలం చూడు. డిసెంబరు, జనవరిలో ఢిల్లీ పొద్దుటి పొగమంచుకు విమానాలు గంటలకొద్దీ ఆగుతాయి, ఒకరోజు ప్రయాణానికి అది పనికిరాదు. ఆ నెలల్లో బెంగళూరే మేలు. విమానాశ్రయం దేవనహళ్లిలో ఉంది, ఊళ్లోకి పోయిరావడానికే పూట గడుస్తుంది. అక్కడే భోంచేసి, పుస్తకమో ఆఫీసు పనో చూసుకో. రెండో టెర్మినల్‌లో చెట్లు, నీళ్లు ఉన్నాయి, కూర్చోవడానికి బాగుంటుంది. మంగళ, బుధవారాల్లో ధరలు చాలాసార్లు తక్కువ ఉంటాయి. సంక్రాంతి, దసరా దగ్గర ఈ ఆలోచనే పెట్టుకోకు.

రెండు టికెట్లూ ఒకే బుకింగులో, ఒకే సంస్థవి కొను. వేర్వేరుగా కొంటే, పోయే విమానం ఆలస్యమై వచ్చేది తప్పినా ఎవరికీ పట్టదు. దిగడానికీ మళ్లీ ఎక్కడానికీ మధ్య నాలుగు గంటలకు తక్కువ పెట్టుకోకు. విమానం 6 గంటలకు మించి ఆలస్యమైతే వేరే విమానమో, పూర్తి డబ్బు వాపసో ఇవ్వాలని విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నిబంధన ఉంది. అట్లాంటప్పుడు వాపసు తీసుకుని ఇంటికి రా, పాయింట్ల ఆశతో అక్కడే పడిగాపులు కాయకు. సామాను ఏడు కిలోల చేతిసంచి ఒక్కటే, చెకిన్ ముందురోజే ఫోన్‌లో చేసుకో.

ముందు నీ ఖాతాలో టైర్ పాయింట్లు కనిపించే పేజీ, టికెట్ ధర విడివిడిగా కనిపించే పేజీ, రెండూ ఫొటో తీసి నాకు పంపు. ఆదివారం పొద్దున ఇద్దరం ఫోన్‌లో కూర్చుని లెక్క చూద్దాం. అప్పటిదాకా కొనకు.

మీ మామ