ఒకే ఇల్లు, ఒకే వైరస్: ఒకరికి మామూలు జ్వరం, ఒకరికి ఐసీయూ ఎందుకు?

ప్రశ్న: కొవిడ్ డెల్టా వేవ్‌లో మా ఇంట్లో అందరికీ పాజిటివ్ వచ్చింది. అన్నయ్యకు అప్పుడు 38 ఏళ్లు. షుగర్ లేదు, బీపీ లేదు, రోజూ వ్యాయామం చేసే మనిషి. ఆయనే ఐసీయూలో చావు తప్పి బయటపడ్డాడు. 70 దాటిన నాన్నగారికి మాత్రం రెండు రోజుల జ్వరంతో సరిపోయింది. ‘నీకు ఇమ్యూనిటీ తక్కువ’ అని అందరూ అనేసరికి అన్నయ్య మనసులో అదే పెట్టుకుని ఇప్పటికీ ఏదో ఒక ‘ఇమ్యూనిటీ బూస్టర్’ మందు కొంటూనే ఉన్నాడు. ఇది వంశపారంపర్యమా? పిల్లలకు జీన్ టెస్ట్ చేయించాలా?

జవాబు: ముందు మీ అన్నయ్యకు ఒక మాట చెప్పండి. అది ఆయన స్వయంకృతం కాదు. ‘ఇమ్యూనిటీ తక్కువ’ అన్న మాట కూడా చాలామంది విషయంలో తప్పే.

వైరస్ కణంలోకి దూరగానే అక్కడుండే కొన్ని ప్రొటీన్లు దాన్ని పసిగడతాయి, వెంటనే ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక ప్రొటీన్ విడుదలవుతుంది, దాంతో చుట్టుపక్కల కణాలు వైరస్‌కు లొంగకుండా ముందే సిద్ధమైపోతాయి. ఇదంతా గంటల్లో జరగాలి. ఎందుకంటే కొత్త వైరస్ మీద యాంటీబాడీలు తయారవడానికి వారం, పది రోజులు పడుతుంది, అంతవరకూ వైరస్‌ను అదుపులో ఉంచాల్సింది ప్రధానంగా ఈ ఇంటర్‌ఫెరానే. అది ఆలస్యమైతే వైరస్ విపరీతంగా పెరిగిపోతుంది, ఆ తర్వాత మేలుకున్న ఇమ్యూనిటీ బలమంతా ఒక్కసారిగా చూపిస్తే ఊపిరితిత్తులే వాచిపోతాయి. ఇమ్యూనిటీని అణిచే డెక్సామెథసోన్ 2020లో ప్రాణాలు కాపాడింది ఇందుకే. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు సుమారు మూడో వంతు తగ్గాయి, ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మాత్రం అదే మందు ఏ మేలూ చేయలేదు.

మరి ఆ మొదటి స్పందన కొందరిలో ఎందుకు ఆలస్యమవుతుంది? 2020లోనే ఒక అంతర్జాతీయ బృందం ప్రాణాపాయ స్థితిలో ఉన్న 987 మంది రక్తం పరీక్షిస్తే, 101 మందిలో సొంత ఇంటర్‌ఫెరాన్‌నే పనిచేయనివ్వని యాంటీబాడీలు కనిపించాయి. ఆ 101 మందిలో 95 మంది మగవాళ్లు. జబ్బు తేలిగ్గా పోయిన 663 మందిలో ఒక్కరికీ ఇవి లేవు! ఇలాంటివి ఒంట్లో ఉన్నట్టు మనిషికి తెలియదు, వ్యాయామంతో పోవు.

ఇక జీన్ల సంగతి. వైరస్‌ను పసిగట్టే ప్రొటీన్లలో టీఎల్ఆర్7 ఒకటి. దాని జీన్ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగవాళ్లకు ఎక్స్ ఒక్కటే కాబట్టి అది దెబ్బతింటే రెండో కాపీ ఆదుకోదు. అరవై లోపు వయసులో కొవిడ్‌తో ప్రాణం మీదికి తెచ్చుకున్న మగవాళ్లలో దాదాపు ఒక శాతం మందికి ఈ లోపం ఉన్నట్టు తేలింది. మీ అన్నయ్యకూ ఇదే అయ్యుంటుందని నేను అనడం లేదు, ఆరోగ్యంగా ఉన్న మనిషి కూడా ఎలా పడిపోగలడో చెబుతున్నానంతే.

ఇవి అరుదైనవి. చాలామందిలో ఉండేది వేరు. మూడో క్రోమోజోమ్‌లో ఎప్పుడో అంతరించిపోయిన నియాండర్తల్ మానవుల నుంచి వచ్చిన ఒక భాగం కొవిడ్ ముదిరే ముప్పును కొంత పెంచుతుందని హ్యూగో జెబర్గ్, స్వాంటే పాబో అనే శాస్త్రవేత్తలు 2020లో చూపించారు. దక్షిణాసియాలో సుమారు సగం మందికి అది ఉంది, అయినా వాళ్లలో అత్యధికులకు ఏమీ కాలేదు కదా. అందుకే టెస్ట్‌లో అది కనబడినా మీకు మిగిలేది టెన్షనే.

వంశపారంపర్యం అసలే లేదని కాదు. డెన్మార్క్‌లో దత్తత వెళ్లిన పిల్లలపై 1988లో వచ్చిన అధ్యయనంలో, కన్న తల్లి గానీ తండ్రి గానీ యాభై లోపే ఇన్ఫెక్షన్‌తో చనిపోయి ఉంటే ఆ పిల్లలకూ అలాంటి మరణం ముప్పు అయిదు రెట్లకు పైగా ఉంది. కానీ 2015లో 210 మంది కవలలను పరిశీలించినప్పుడు, రోగనిరోధక వ్యవస్థలో మనిషికీ మనిషికీ కనిపించే తేడాల్లో ఎక్కువ భాగం పుట్టుకతో వచ్చింది కాదని తేలింది. కవలల్లో ఒకరికే సైటోమెగాలో వైరస్ సోకి ఉంటే, రూపురేఖలు అచ్చం ఒకేలా ఉన్నా, ఇద్దరి ఇమ్యూనిటీ చాలా విషయాల్లో వేరైపోయింది. ఆ వైరస్ ఎప్పుడు సోకిందో కూడా చాలామందికి తెలియదు.

పిల్లల్లో ఎవరికైనా మామూలు వైరస్‌కే ప్రాణం మీదికి రావడం, న్యుమోనియాతో పదేపదే ఆస్పత్రి పాలవడం, హెర్పిస్ వైరస్ మెదడుకు పాకడం లాంటివి జరిగితే ఇమ్యునాలజీ నిపుణులను కలవండి, అప్పుడు జీన్ టెస్ట్‌కు అర్థం ఉంది. లేదంటే వద్దు. ఆ బూస్టర్లూ ఆపించండి, ఇంటర్‌ఫెరాన్ లోపాన్ని అవి సరిచేయలేవు. ఆ డబ్బూ శ్రద్ధా టీకాల మీద పెడితే మేలు, ఎందుకంటే యాంటీబాడీలు ముందే సిద్ధంగా ఉంటే ఒక్క ఇంటర్‌ఫెరాన్ మీదే ఆధారపడాల్సిన అవసరం ఉండదు.

ప్రశ్న: డెంగీ ఒకసారి వచ్చి పోతే ఇమ్యూనిటీ వస్తుంది కదా, రెండోసారి ఎక్కువ ప్రమాదమని ఎందుకంటారు?

జవాబు: డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. మొదట వచ్చిన రకం నుంచి రక్షణ చాలాకాలం ఉంటుంది. రెండోసారి వేరే రకం సోకితే, పాత యాంటీబాడీలు దాన్ని పట్టుకుంటాయి గానీ చంపలేవు, పైగా అది రక్షక కణాల్లోకే దూరేందుకు దారి ఇస్తాయి. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీల వల్ల పసిపిల్లలకు మొదటిసారే ముదరవచ్చు. రెండోసారి వచ్చిన వాళ్లలోనూ ఎక్కువమంది కోలుకుంటారు, భయపడకండి. కానీ జ్వరం తగ్గుతున్న రోజుల్లోనే జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉండాలి. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగతగా ఉండటం, వీటిలో ఏది కనబడినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి. జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వేయకండి.