పెట్టె కంటే డిస్కుల మీదే ఎక్కువ డబ్బు పెట్టండి

ప్రశ్న: మాది పర్లాకిమిడి అండీ. పెళ్ళి వీడియోలు, పిల్లల ఫొటోలు, పాత సినిమాలు కలిపి రెండున్నర టీబీ దాకా మూడు పోర్టబుల్ డిస్కుల్లో ఉన్నాయి. ఒకటి ఈమధ్య టిక్కు టిక్కుమంటోంది. అన్నీ ఒకేచోట పెట్టి హాల్లో టీవీలో చూసుకునేలా నాస్ (ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించే డిస్కుల పెట్టె) కొందామనుకుంటున్నాం. ఎలాంటిది తీసుకోవాలి? ఇక్కడ కరెంటు తరచూ పోతుంది. ఇన్వర్టర్ ఉంది.

జవాబు: నాస్ సంగతి తర్వాత. ఆ చప్పుడు చేసే డిస్కును మాటిమాటికీ పెట్టి చూడకండి. ఓ 4 టీబీ పోర్టబుల్ డిస్కు తెచ్చి, మళ్ళీ దొరకనివి, అంటే పెళ్ళి వీడియో, ఫొటోలు ముందు దించుకోండి. సినిమాలు ఆఖర్న. డిస్కులో తప్పులు వెతికే చెక్‌డిస్క్ లాంటి ప్రోగ్రాములు నడపొద్దు, మిగిలిన కాస్త ఊపిరీ దానికే అయిపోతుంది. ఈ కొత్త డిస్కు వృథా పోదు, దానితో తర్వాత పనుంది.

రెండు డిస్కులు పట్టే నాస్ మీకు చాలు. రెండు 4 టీబీ డిస్కులు వేసి రెయిడ్ 1 (ఒకదానికొకటి నకలుగా ఉంచే అమరిక) పెట్టుకుంటే రెండింట్లోనూ ఒకటే సమాచారం ఉంటుంది. వాడకానికి మిగిలేది 4 టీబీయే. తెరమీద 3.6 అని కనబడితే కంగారుపడకండి, 1000తో లెక్కించడానికీ 1024తో లెక్కించడానికీ ఉన్న తేడా అది. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: నాస్‌లో వేసి సెటప్ చేసిన డిస్కులో అంతకు ముందున్నదంతా చెరిగిపోతుంది. ఖాళీవే వేయండి.

డిస్కు కొనేటప్పుడు 'సీఎంఆర్' అవునో కాదో అడగండి. అందులో ట్రాకులు, అంటే డేటా రాసే వరసలు, విడివిడిగా ఉంటాయి. 'ఎస్‌ఎంఆర్' రకంలో అవి పెంకుటింటి పెంకుల్లా ఒకదాని అంచుమీద ఒకటి ఎక్కి ఉంటాయి. ఒక పెంకు మార్చాలంటే పక్కవీ కదపాలి కదా, ఇక్కడా అంతే. రెండింట్లో ఒక డిస్కు పోయి, బదులు ఎస్‌ఎంఆర్ డిస్కు వేస్తే నింపడానికి రోజులు పట్టొచ్చు, మధ్యలో నాస్ దాన్ని వద్దనీ అనొచ్చు. సీగేట్ ఐరన్‌వుల్ఫ్, డబ్ల్యూడీ రెడ్ ప్లస్ సీఎంఆర్‌వే. 'ప్లస్' లేని డబ్ల్యూడీ రెడ్‌లో 2 నుంచి 6 టీబీ దాకా ఎస్‌ఎంఆర్ ఉంటాయి. డబ్బా మీద పేరు తేడా ఒక్క మాటే, షాపులో తొందరపడొద్దు.

ఖరీదైన ప్రాసెసర్ అక్కర్లేదు. ఈమధ్య టీవీలు హెచ్.264, హెచ్.265 రకం వీడియో ఫైళ్ళను నేరుగా ఆడించేస్తాయి, నాస్ ఫైలు అందిస్తే చాలు. బొమ్మ వచ్చి మాట రాకపోతే ఆ ఫైల్లో డీటీఎస్ అనే రకం ఆడియో ఉందేమో చూడండి. చాలా టీవీలు దాన్ని తీసుకోవు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రాంతో వీడియోను ముట్టుకోకుండా ఆడియోను మాత్రం ఏసీ3 రకంలోకి మార్చుకుంటే సరి.

కొత్తగా కొన్నవాళ్ళు నాస్‌ను తిట్టుకునేది ఎక్కువగా దాన్ని రౌటర్‌కు కలిపే కేబుల్ తప్పు వల్లే. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) వేగానికి అందులోని ఎనిమిది తీగలూ కలవాలి. ఒక్కటి కొనలో సరిగ్గా బిగించకపోయినా (క్రింప్ కాకపోయినా) వేగం 100 ఎంబీపీఎస్‌కు పడిపోవచ్చు. అప్పుడు రెండున్నర గంటల్లో ఎక్కాల్సిన 1 టీబీకి ఒక పగలూ రాత్రీ పడుతుంది. నాస్ సెట్టింగుల్లో నెట్‌వర్క్ దగ్గర 1000 అని ఉందో లేదో చూడండి. లేకపోతే కేబుల్ మార్చండి, అప్పటికీ అంతే అయితే రౌటర్ పోర్టే 100ది కావచ్చు.

కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే రెప్పపాటులో నాస్ ఆగి మళ్ళీ లేవొచ్చు. డిస్కు మీద రాస్తుండగా అలా జరిగితే ఫైళ్ళు పాడవొచ్చు. ఇన్వర్టర్‌పై యూపీఎస్ మోడ్ (త్వరగా అందుకునే) స్విచ్ ఉంటే అటు తిప్పండి. అంతకంటే, యూఎస్‌బీ డేటా పోర్టున్న చిన్న యూపీఎస్ మేలు: బ్యాటరీ తగ్గగానే నాస్ తనంతట తాను పద్ధతిగా ఆగుతుంది. చవక 600 వీఏ వాటిలో చాలావాటికి ఆ పోర్టు ఉండదు, వెనకవైపు చూసి కొనండి.

రెయిడ్ బ్యాకప్ కాదు. పొరపాటున చెరిపితే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి చెరుగుతుంది. పిడుగుపాటుకు రెండూ పోనూవచ్చు. ముందు కొన్న పోర్టబుల్ డిస్కు ఇందుకే: నెలకోసారి తగిలించి, బ్యాకప్ అవగానే ఊడదీసి బీరువాలో పెట్టండి.

ప్రశ్న: బల్లార్షా ఎండలకు నాస్ తట్టుకుంటుందా?

జవాబు: తట్టుకుంటుంది, టీవీ కింద మూసిన అరలో పెట్టకపోతే. వెనక ఫ్యాన్‌కు జానెడు ఖాళీ వదలండి. డిస్కు వేడి 50 డిగ్రీలు దాటుతుంటే ఫ్యాన్ వేగం పెంచండి, నెలకోసారి దుమ్ము దులపండి. మే నెల మధ్యాహ్నాల్లో పెద్ద కాపీలు పెట్టకండి, రాత్రికి వదిలేయండి.