పదమూడో ఏడు వేరు, పదమూడో పుట్టినరోజు వేరు

ఈ నెల ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే అనుమానం: పిల్లలకు టీనేజ్ ఎప్పుడు మొదలైనట్టు? అడిగిన సందర్భాన్ని బట్టి జవాబు మారుతుంది. అందుకే ఒక్కో ఉత్తరానికి విడిగా జవాబిస్తున్నాం.

ప్రశ్న: మా పాపకు పోయిన నెలలో పన్నెండు నిండి పదమూడో ఏడు పడింది. టీనేజ్ వచ్చేసిందని వాళ్ల జేజి అంటుంది, ఇంకా రాలేదని వాళ్ల నాన్న అంటాడు. ఈలోగా పాప ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా తెరిచేసింది. ఎవరి మాట సరి? – ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: మీ వారి మాటే సరి అమ్మా. మన ఇళ్లలో వయసును నడిచే ఏడుతో చెబుతాం. పుట్టిన రోజునే ఒకటో ఏడు మొదలవుతుంది, మొదటి పుట్టినరోజుకు రెండో ఏడు పడుతుంది. ఆ లెక్కన పన్నెండో పుట్టినరోజు నాడు పదమూడో ఏడు పడుతుంది. టీనేజ్‌ను మాత్రం నిండిన ఏళ్లతో లెక్కిస్తారు. ఇంగ్లిషులో 13 నుంచి 19 దాకా అంకెల పేర్లన్నీ టీన్ అని ముగుస్తాయి, ఆ ఏడేళ్లకే ఆ పేరు. కాబట్టి మీ పాపకు పదమూడో పుట్టినరోజు నాడు టీనేజ్ మొదలై, ఇరవయ్యో పుట్టినరోజు ముందు రోజుతో ముగుస్తుంది. తిథి ప్రకారం పుట్టినరోజు చేసే ఇళ్లలో ఇంకో తేడా వస్తుంది. పన్నెండు చాంద్రమాసాలకు 354 రోజులే కాబట్టి తిథి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరిగి, అధికమాసం వచ్చిన ఏడు మళ్లీ వెనక్కి వస్తుంది. కాగితాల్లో ఇంగ్లిషు తేదీ ఒక్కటే చెల్లుతుంది.

ఇన్‌స్టాగ్రామ్‌కు పదమూడు నిండాలి. ఈ గీత అమెరికా వాళ్లు 1998లో పిల్లల ఆన్‌లైన్ గోప్యత కోసం చేసిన చట్టం నుంచి వచ్చింది. మన దేశంలో 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిది నిండని అందరినీ పిల్లలనే అంటుంది, వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. మీరు ముందు చూడాల్సింది పాప ఏ పుట్టిన సంవత్సరం వేసిందన్నది. చాలామంది పిల్లలు తోచిన సంవత్సరం వేసేస్తారు. పద్దెనిమిది దాటినట్టు పడితే, టీనేజ్ ఖాతాలకు ఆ సంస్థ పెట్టే కట్టడులు ఆ ఖాతాకు సరిగా వర్తించవు, ముక్కూమొహం తెలియనివాళ్లు నేరుగా సందేశాలు పంపగలుగుతారు. ఇప్పటికి ఖాతా తీసేయించి, పదమూడు నిండాక అసలు తేదీతో మీరు పక్కన కూర్చుని తెరిపించండి.

ప్రశ్న: మా అమ్మాయికి తొమ్మిదేళ్ల మూడు నెలలు. ఎడమ చనుమొన కింద గట్టిగా చిన్న గడ్డలా తగులుతోంది, ముట్టుకుంటే నొప్పి అంటుంది. గడ్డేమో అని మాకు భయం. కోడికూర తినడం వల్లే తొందరగా ఎదుగుతోందని ఇరుగుపొరుగు అంటున్నారు. – ఆదోని

జవాబు: మీరు రాసిన దాన్నిబట్టి అది రొమ్ము ఎదుగుదల తొలి గుర్తులా ఉంది. ఈ వయసులో అది సహజం. ఆడపిల్లల్లో ఈ మార్పు 8 నుంచి 13 ఏళ్ల మధ్య ఎప్పుడైనా మొదలవుతుంది. ముందు ఒకవైపే రావడం, రెండోవైపు కొన్ని నెలల తర్వాత రావడం మామూలే. పదేపదే నొక్కి చూడకండి, కాపడం పెట్టకండి, పసర్లు పూయకండి. వదులుగా ఉండే నూలు బనియన్ వేస్తే రాపిడి తగ్గుతుంది. ఎర్రబడి వేడిగా ఉన్నా, చీము కనిపించినా, జ్వరం వచ్చినా అది వేరే సంగతి, వెంటనే చూపించాలి.

టీనేజ్‌కు నాలుగేళ్ల ముందే ఒళ్లు మారడం మొదలైందంటే తల్లులు కంగారుపడతారు. నిజానికి చాలామంది ఆడపిల్లలకు అంతే. పెద్దమనిషి కావడం ఈ మార్పుల మొదలు కాదు, దాదాపు చివర. రొమ్ము మొగ్గ కనిపించాక సుమారు రెండు, రెండున్నరేళ్లకు తొలి ముట్టు వస్తుంది. ఆ లెక్కన మీ అమ్మాయికి పదకొండు, పదకొండున్నర ప్రాంతంలో రావచ్చు. అప్పటికి ఆరో తరగతిలోనో ఏడులోనో ఉంటుంది. బడిలో ఉండగా బట్టలకు మరక పడి, ఏం జరిగిందో తెలియక ఏడ్చే పరిస్థితి రానీయకండి. పదేళ్లకే విషయం చెప్పండి. ప్యాడ్ ఎలా పెట్టుకోవాలో, నాలుగైదు గంటలకోసారి ఎందుకు మార్చాలో చూపించండి. స్కూలు సంచి లోపలి జేబులో రెండు ప్యాడ్లు, ఒక లోదుస్తు, ఒక పాత న్యూస్‌పేపర్ ముక్క పెట్టి ఉంచండి.

ఇక ఎత్తు. మార్పులు మొదలవకముందు పిల్లలు ఏడాదికి అయిదారు సెంటీమీటర్లు పెరుగుతారు. ఎదుగుదల ఉరవడి మీద ఉన్న ఏడాదిలో ఆడపిల్లలు ఎనిమిది దాకా పెరుగుతారు. ఆ ఉరవడి తొలి ముట్టుకు ముందే వచ్చి తగ్గిపోతుంది, ఆ తర్వాత పెరిగేది సాధారణంగా అయిదు నుంచి ఏడు సెంటీమీటర్లే. తిండి మీద శ్రద్ధ పెట్టాల్సిన కాలం అందుకే ఇప్పుడే. కోడికూర మాన్పించడం వల్ల ఒరిగేదేమీ లేదు. గుడ్డు, పప్పు, చెనిక్కాయలు, రాగి సంగటి, ఆకుకూర కడుపునిండా పెట్టండి. ఒళ్లు బాగా చేసిన పిల్లల్లో మార్పులు కాస్త ముందుగా వస్తాయి కాబట్టి ప్యాకెట్ తిళ్లు, కూల్‌డ్రింకులు తగ్గించండి.

మూడు నెలలకోసారి ఎత్తు రాసిపెట్టండి. చెప్పుల్లేకుండా మడమలు, పిరుదులు, తల వెనకభాగం గోడకు ఆనాలి, జడ విప్పాలి. గట్టి అట్ట పుస్తకాన్ని గోడకు మూలమట్టంగా నడినెత్తిన ఆనించి గీత గీయాలి. ఎప్పుడూ ఉదయమే కొలవండి, సాయంత్రానికి వెన్ను కాస్త కుంగి కొలత తగ్గుతుంది.

ఎనిమిదేళ్లకు ముందే రొమ్ము మొగ్గ వచ్చినా, మొదలయ్యాక నెలల్లోనే అన్నీ వేగంగా మారిపోతున్నా, తలనొప్పి, చూపు మసకబారడం తోడైనా పిల్లల డాక్టరుకు చూపించాలి. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో పిల్లల విభాగం ఉంది. ఎడమచేయి మణికట్టు ఎక్స్‌రేతో ఎముక వయసు, అంటే ఎముకలు ఏ వయసుకు తగ్గట్టు ఎదిగాయో చూస్తారు, రక్తపరీక్షలు చేస్తారు. ఎముక వయసు బాగా ముందుకెళ్తే పిల్ల ఇప్పుడు పొడుగ్గా కనిపించినా ఎదుగుదల తొందరగా ఆగిపోయి చివరికి పొట్టిగా మిగులుతుంది. అవసరమైన పిల్లలకు ఈ మార్పులను నిదానింపజేసే ఇంజెక్షన్లు ఉన్నాయి.

ప్రశ్న: మావాడికి పదమూడున్నర. క్లాసులో అందరికన్నా పొట్టి, గొంతు మారలేదు, మీసం జాడ లేదు. టీనేజ్ వచ్చినా రానట్టే ఉంది. ఇక్కడి ఆర్‌ఎంపీ బలానికి ఇంజెక్షన్ వేస్తానంటున్నాడు. – ఒక తండ్రి, గుంతకల్లు

జవాబు: వేయించకండి సార్. హార్మోను సూదులు అయితే ఎముకల చివర ఉండే ఎదిగే పొరలు ముందే మూసుకుపోతాయి, వాడికి రావాల్సిన ఎత్తు కూడా రాదు. మగపిల్లల్లో మార్పులు 9 నుంచి 14 మధ్య మొదలవుతాయి. తొలి గుర్తు మీసమో గొంతో కాదు, వృషణాల పరిమాణం పెరగడం. ఎత్తు పెరిగే ఉరవడి ఆడపిల్లల కన్నా సుమారు రెండేళ్లు ఆలస్యంగా వస్తుంది. ఏడు, ఎనిమిది తరగతుల్లో అమ్మాయిలు పొడుగ్గా కనిపించేది అందుకే. మీరో, మీ మేనమామలో ఇంటర్‌లో చేరాక పొడుగయ్యారేమో ఇంట్లో అడగండి. అదే తీరు వాడికీ వచ్చి ఉండొచ్చు. పద్నాలుగు నిండినా ఏ గుర్తూ లేకపోతే, లేదా ఏడాదికి నాలుగు సెంటీమీటర్లయినా పెరగకపోతే పిల్లల డాక్టరుకు చూపించండి. అప్పుడు థైరాయిడ్, పోషణ లోపం లాంటివి వెతుకుతారు.

ప్రశ్న: ఆరో తరగతి పిల్లలకు వారానికో నీలం ఐరన్ మాత్ర ఇస్తున్నాం. ‘మా వాళ్లకు పదకొండేళ్లే, టీనేజ్ కాదు కదా’ అని తల్లిదండ్రులు వద్దంటున్నారు. – ఉపాధ్యాయురాలు, అనంతపురం జిల్లా

జవాబు: ఆరోగ్యశాఖ లెక్కలో టీనేజ్ అన్న మాట లేదు, కౌమారం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కౌమారాన్ని 10 నుంచి 19 ఏళ్లుగా చెబుతుంది. కేంద్రం 2014 జనవరిలో మొదలుపెట్టిన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమానిదీ అదే గీత. పది నిండిన పిల్లలకు నీలం మాత్ర, అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. అయిదు నుంచి తొమ్మిదేళ్ల వాళ్లకు గులాబీ రంగుది, 45 మిల్లీగ్రాములు. పదేళ్లకు, మళ్లీ పదహారుకు వేసే టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి) టీకా కూడా ఈ లెక్కలోనిదే.

వద్దనడానికి అసలు కారణం చాలాసార్లు వయసు కాదు, వాంతి. పరగడుపున వేస్తే వికారం తప్పదు. మధ్యాహ్న భోజనం అయ్యాక, నమలకుండా నిండు గ్లాసు నీళ్లతో మింగించండి. ముందూ వెనకా గంటసేపు టీ, పాలు వద్దు, ఇనుము ఒంటికి పట్టదు. భోజనంలోకి నిమ్మబద్ద ఉంటే మంచిది. మరునాడు విరేచనం నల్లగా వస్తుందని ఇంటికి ముందే చెప్పి పంపండి. ఆ ఒక్క మాట చెప్పకపోవడం వల్లే బెదిరి మాత్రలు మాన్పించినవాళ్లు ఎక్కువ.

ప్రశ్న: మా అక్క కొడుక్కి పదిహేనేళ్లు. పదో తరగతి తప్పాడు. టీనేజ్ కుర్రాడే కదా అని తాడిపత్రి దగ్గర నాపరాళ్ల గనిలో పనికి పెడతామంటున్నారు. – కడప

జవాబు: చట్టానికి టీనేజ్‌తో పనిలేదు, 14, 18 అనే రెండు గీతలతోనే పని. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ ప్రకారం పద్నాలుగు నిండనివాళ్లను పనిలో పెట్టుకోకూడదు. బడి అయ్యాక సొంత ఇంటి పనుల్లో ప్రమాదం లేనివాటికి సాయపడటానికీ, షరతులతో సినిమా, టీవీల్లో నటించడం లాంటివాటికీ మినహాయింపు ఉంది. 14 నుంచి 18 లోపు వాళ్లను కౌమారులుగా చెప్పి, గనులు, పేలుడు పదార్థాలు, ప్రమాదకర ప్రక్రియల్లో పనిని నిషేధించారు. కాబట్టి గని పని వీల్లేదు, తల్లిదండ్రులు ఒప్పుకున్నా వీల్లేదు. రాతి ధూళి ఊపిరితిత్తులకు పడితే సిలికోసిస్ వస్తుంది, దాన్ని నయం చేసే మందు లేదు. వయసు మీద తగవు వస్తే బాలల న్యాయచట్టం ముందు బడి లేదా పదో తరగతి బోర్డు సర్టిఫికెట్‌నూ, అవి లేకపోతే పంచాయతీ, మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రాన్నీ, ఏదీ లేనప్పుడే ఎముకల పరీక్షనూ చూడమంటుంది. తప్పిన సబ్జెక్టులకు సప్లిమెంటరీ ఫీజు ఎప్పటిలోగా కట్టాలో ముందు వాడి బడిలో కనుక్కోండి. గని యజమాని వినకపోతే 1098కి ఫోన్ చేయండి.