స్టేజీ ఎక్కే ముందు లహరికి కొన్ని మాటలు

చి. లహరికి, పెద్దమ్మ ఆశీస్సులు.

జూలైలో తెలుగు సభల అందాల పోటీకి పేరిచ్చావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నీకు తెలుగు చదవడం రాదు కాబట్టి ఈ ఉత్తరం ఆవిడే చదివి వినిపిస్తుంది. మధ్యలో ఏదైనా దాటేసిందని అనుమానం వస్తే నాకు ఫోన్ చెయ్యి. ఏళ్ల తరబడి ఇలాంటి పోటీల్లో తెర వెనక పిల్లలకు చీరలు కట్టాను, అప్పుడప్పుడూ జడ్జీల బల్ల దగ్గరా కూర్చున్నాను. అక్కడ చూసిందే చెబుతున్నా.

పరిచయంలో "మన సంస్కృతి వేల ఏళ్ల నాటిది" అని మొదలుపెట్టకు. నీకు ముందొచ్చే నలుగురూ అదే అంటారు. జడ్జీలు అప్పటికే టీ ఎప్పుడొస్తుందా అని చూస్తుంటారు. మన ఇంటిదైన ఒక్క విషయం పట్టుకో. మనది పోచంపల్లి పక్క ఊరు. మీ అమ్మమ్మ పోచంపల్లి పట్టుచీర మీ అమ్మ బీరువాలోనే ఉంది, అదే కట్టుకో. దాన్ని తిరగేసి చూడు, రెండు వైపులా డిజైన్ ఒకేలా కనిపిస్తుంది. అచ్చు వేసిన చీరకు అలా ఉండదు. పట్టు దారానికి ముందే కట్లు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత మగ్గం మీద నేస్తారు. అందుకే పువ్వుల అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. ఊరి గురించి అడిగితే 1951 ఏప్రిల్ 18 గుర్తుపెట్టుకో. వినోబా భావే వచ్చి భూమిలేని వాళ్ల కోసం అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడే పుట్టింది. ఇంత తెలిస్తే చాలు, రెండో ప్రశ్న వేసినా తడుముకోవు.

జవాబు తెలుగులోనే మొదలుపెట్టు. మధ్యలో ఇంగ్లీషులోకి వెళ్లినా ఎవరూ ఏమీ అనుకోరు. "నాకు తెలుగు రాదు" అని నవ్వుతూ చెప్పడం మాత్రం వద్దు. ఎవరో రాసిచ్చిన పేరా బట్టీ పట్టకు, ఒక్క మాట జారితే మిగతాదంతా మర్చిపోతావు.

కూచిపూడిలో పళ్లెం అంచు మీద నిలబడి ఆడే తరంగం చేస్తానన్నావట. కన్వెన్షన్ సెంటర్లలో చాలాసార్లు స్టేజీని పలకలు జోడించి వేస్తారు. ఆ అతుకుల్లో పళ్లెం అంచు తట్టుకుంటుంది. రిహార్సల్‌కి వెళ్లినప్పుడు చెప్పుల్లేకుండా స్టేజీ అంతా నడిచి చూడు. అతుకులు కాలికి తగిలితే పళ్లెం వదిలేసి జతులతో సరిపెట్టు. పాటకు ఎన్ని నిమిషాలో రూల్స్‌లో చూసి, దానికి తగ్గట్టు కోయించు. వేగం పెంచి ఇరికించొద్దు, చూసేవాళ్లకు ఆయాసం వస్తుంది.

సుధా, ఇక్కడ దాటెయ్యకుండా చదువు, ఇది నీకు కూడా. మేకప్ ఆవిడతో "కాస్త తెల్లగా కనిపించేలా వెయ్యండి" అని నువ్వే అంటావని నాకు తెలుసు. అనకు. లహరీ, ఫౌండేషన్ రంగు మెడతో కలవాలి. కలవకపోతే లైట్ల కింద ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు కనిపిస్తాయి. 2013 సెప్టెంబరులో అట్లాంటిక్ సిటీలో నీనా దావులూరి మిస్ అమెరికా అయింది. విజయవాడ నుంచి వచ్చిన కుటుంబం. టాలెంట్ రౌండులో కూచిపూడి, బాలీవుడ్ కలిపి ఆడింది. ఆ రాత్రే ఇక్కడ అమెరికాలో కొందరు అరబ్బు అనీ, టెర్రరిస్టు అనీ ట్విట్టర్లో తిట్టారు. ఇండియాలోనేమో ఆ చామనఛాయతో అక్కడి పోటీల్లో అసలు గెలిచేదా అని చర్చ పెట్టారు. తిట్లకన్నా ఆ చర్చే నన్ను ఎక్కువ బాధపెట్టింది. మన పెళ్లిచూపుల్లో వినేదే కదా!

ఇక చీర సంగతి. స్టేజీ మీద వేసుకునే హీల్స్ వేసుకునే కుచ్చిళ్ల పొడవు చూసుకోవాలి. ఆ చీరతోనే ఇంట్లో మెట్లెక్కి దిగు, కూర్చుని లే. జాకెట్ లోపల కుట్టు విప్పుకునేలా బట్ట వదలమని టైలర్‌కి చెప్పండి. వడ్డాణం జారుతుంది, వెనక దారంతో కట్టించుకో. నాట్యానికీ చీర రౌండుకీ మధ్య టైము ఎంతో ముందే కనుక్కో, తక్కువైతే సవరం, జడకుచ్చులు మార్చే ఆలోచన పెట్టుకోకు.

సుధా, ఆ రోజు నువ్వు ముందు వరుసలో కూర్చోకు. అది జవాబు చెబుతుంటే నీ పెదాలు కదులుతాయి, జడ్జీలకు కనిపిస్తుంది. వీడియో పని మరిదికి అప్పగించు. నేను పిన్నీసుల డబ్బాతో శుక్రవారం మధ్యాహ్నానికి దిగుతాను, ఎయిర్‌పోర్టుకి ఎవరినైనా పంపండి.

ప్రేమతో,
పెద్దమ్మ