కంప్యూటర్ సందేహాలు: విండోస్ ఒక డ్రైవులో, ఉబుంటు మరో డ్రైవులో

ప్రశ్న: మా ఇంట్లోని డెస్క్‌టాప్‌లో 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ మీద విండోస్ 11 ఉంది. ఇంజనీరింగ్ చదువుతున్న మా అబ్బాయి ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కావాలని పట్టుబట్టడంతో 480 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ ఒకటి అదనంగా కొన్నాము. మావారి వ్యాపారం లెక్కలన్నీ విండోస్‌లోనే ఉన్నాయి. వాటికి ముప్పు రాకుండా ఉండాలంటే విడి డ్రైవు ఉంటే చాలునా, ఇంకేమైనా జాగ్రత్తలు తీసుకోవాలా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఒకే డ్రైవును ముక్కలు చేసి రెండు సిస్టములను ఇరికించడం కంటే విడి డ్రైవు కొనడం ఎంతో నయం. అయితే డ్రైవులు వేరైనంత మాత్రాన సిస్టములు కూడా వేరైపోతాయని అనుకోకూడదు. ఆన్ చేయగానే మదర్‌బోర్డు నేరుగా విండోస్‌నో ఉబుంటునో వెతకదు. ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్ అనే చిన్న భాగంలో ఉండే బూట్‌లోడర్‌ను, అంటే సిస్టమ్‌ను మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామును, వెతుకుతుంది. విండోస్ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు సాధారణంగా 100 ఎంబీ పరిమాణంలో ఈ పార్టిషన్‌ను సృష్టించుకుంటుంది. దానికి సీ, డీ వంటి డ్రైవు అక్షరం ఉండదు కాబట్టి మన కంట పడదు.

చిక్కంతా అక్కడే ఉంది. ఉబుంటు ఇన్‌స్టాలర్, ముఖ్యంగా పాత వెర్షన్లలోనిది, మీరు కొత్త డ్రైవునే ఎంచుకున్నా సరే, ఫైళ్లన్నీ అందులో పెట్టి, బూట్‌లోడర్‌ను మాత్రం మొదట కనిపించిన ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో, అంటే విండోస్ డ్రైవులో, పెట్టేస్తుంది. వేరు కాపురం పెట్టి తాళంచెవి అత్తగారింట్లోనే ఉంచినట్టన్నమాట. రోజూ అంతా సవ్యంగానే నడుస్తుంది కాబట్టి ఈ సంగతి చాలామందికి తెలియదు. ఏ రోజైనా ఎన్‌వీఎంఈ డ్రైవు పాడైనా, దాన్ని తీసి పెద్దది పెట్టుకున్నా, రెండో డ్రైవులో చెక్కుచెదరకుండా ఉన్న ఉబుంటు కూడా బూట్ కాదు. ఈ విషయంలో విండోస్ సెటప్ కూడా తక్కువేమీ తినలేదు. మరో డ్రైవులో ఈఎఫ్‌ఐ పార్టిషన్ కనిపిస్తే అదీ అక్కడికే వెళ్లి చేరుతుంది.

అందువల్ల నేను చెప్పే మార్గం ఒక్కటే: ఉబుంటు ఇన్‌స్టాల్ చేసేంతసేపూ విండోస్ డ్రైవును మదర్‌బోర్డు నుంచి తీసి పక్కన పెట్టండి. దానికి ముందు లెక్కల ఫైళ్లను బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ (డ్రైవులోని సమాచారానికి తాళం వేసే ఏర్పాటు) ఆన్‌లో ఉందేమో చూసుకోండి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో వాడుతున్న విండోస్ 11లో అది మీకు తెలియకుండానే ఆన్ అయి ఉండవచ్చు. ఉంటే 48 అంకెల రికవరీ కీని ఆ ఖాతాలోంచి తీసి కాగితం మీద రాసి పెట్టుకోండి. పవర్ ఆప్షన్లలోని ఫాస్ట్ స్టార్టప్‌ను కూడా ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే విండోస్ షట్‌డౌన్ చేసినా పూర్తిగా ముగియదు. ఉబుంటులోంచి ఆ డ్రైవులో రాయడానికి వీలు పడదు. సెక్యూర్ బూట్‌ను (నమ్మదగిన బూట్‌లోడర్లనే నడవనిచ్చే మదర్‌బోర్డు ఏర్పాటు) ఆపనక్కరలేదు, ఉబుంటు దానితోనే పనిచేస్తుంది.

ఇక డ్రైవు తీయడం. ప్లగ్ పీకి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకున్నాక క్యాబినెట్ తెరవండి. ఎన్‌వీఎంఈ డ్రైవు ఒక్క చిన్న స్క్రూతో బిగించి ఉంటుంది. కొన్ని బోర్డుల్లో హీట్‌సింక్ కిందో గ్రాఫిక్స్ కార్డు కిందో దాగి ఉంటుంది. స్క్రూ విప్పగానే డ్రైవు ఒక వైపు ఏటవాలుగా పైకి లేస్తుంది, కంగారు పడకుండా మెల్లగా బయటికి లాగండి. ఆ స్క్రూ కింద పడితే వెతకడం ఇన్‌స్టాల్ కంటే పెద్ద పని అవుతుంది కాబట్టి ఒక గిన్నెలో వేసి ఉంచండి.

ఇప్పుడు ఉబుంటు ఇన్‌స్టాలర్ ఉన్న పెన్‌డ్రైవుతో బూట్ చేయండి. బూట్ జాబితాలో పెన్‌డ్రైవు పేరు రెండు సార్లు కనిపిస్తే యూఈఎఫ్‌ఐ అని ఉన్నదాన్నే ఎంచుకోవాలి. మామూలుగా భయపెట్టే ‘డిస్క్ మొత్తం చెరిపి ఇన్‌స్టాల్ చేయి’ అన్న ఆప్షన్, పొరపాటున చెరిగిపోయే విండోస్ డ్రైవు అక్కడ లేదు కాబట్టి, ఇప్పుడు అన్నిటికంటే క్షేమమైనది. ఉబుంటు ఒంటరిగా బూట్ అవుతోందని నిర్ధారించుకున్నాకే ఎన్‌వీఎంఈ డ్రైవును తిరిగి బిగించండి.

ఏ సిస్టమ్ కావాలో బూట్ మెనూలోనే ఎంచుకోవాలి. ఆ మెనూకు డెల్, గిగాబైట్ వాటిలో ఎఫ్12, ఆసూస్ బోర్డుల్లో ఎఫ్8, ఎంఎస్‌ఐలో ఎఫ్11, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కాలి. మీవారు అడ్డం లేకుండా పని చేసుకోవాలంటే బూట్ వరుసలో విండోస్‌ను మొదట ఉంచండి. విండోస్‌ను ఉబుంటు బూట్‌లోడర్ అయిన గ్రబ్ మెనూలోకి చేర్చే ప్రయత్నం వద్దు. 2021 నాటి 2.06 వెర్షన్ నుంచి గ్రబ్ కూడా దానంతట అది ఇతర సిస్టముల కోసం వెతకడం మానేసింది. పైగా గ్రబ్ ద్వారా విండోస్‌లోకి వెళ్తే బిట్‌లాకర్ రికవరీ కీ అడగవచ్చు.

ఒక్క మాట. ఉబుంటులో కూర్చున్నవారికి విండోస్ డ్రైవు కూడా కనిపిస్తుంది, ఎన్‌క్రిప్షన్ లేకపోతే ఫైళ్లు తెరుచుకుంటాయి, చెరిగిపోతాయి కూడా. కాబట్టి లెక్కల భద్రత కోసమైతే బిట్‌లాకర్ ఆన్‌లో ఉండనివ్వడమే మేలు.

ప్రశ్న: ఉబుంటులో పని చేసి విండోస్‌లోకి వస్తే గడియారం ప్రతిసారీ అయిదున్నర గంటలు వెనక్కి వెళ్తోంది. మదర్‌బోర్డు బ్యాటరీ మార్చినా ఫలితం లేదు. ఎందుకు?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: బ్యాటరీ అయిపోతే గడియారం సరిగ్గా అయిదున్నర గంటలే తప్పదు, తేదీయే ఎక్కడికో పోతుంది. మదర్‌బోర్డు గడియారంలో ఉన్నది స్థానిక సమయమని విండోస్ అనుకుంటుంది, అంతర్జాతీయ ప్రామాణిక సమయమని ఉబుంటు అనుకుంటుంది. మన సమయం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది కాబట్టి, రాత్రి 9 గంటలకు మీ విండోస్ మధ్యాహ్నం 3:30 అని చూపిస్తుంది. ఉబుంటు టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండుతో సెట్-లోకల్-ఆర్‌టీసీ విలువను 1 చేస్తే సరిపోతుంది. అలా చేయడం మంచిది కాదని ఉబుంటు హెచ్చరిస్తుంది. వేసవిలో గడియారాలు ముందుకు జరిపే దేశాలను దృష్టిలో పెట్టుకున్న హెచ్చరిక అది, మన దేశంలో ఆ పద్ధతి లేదు. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్న మీ వాళ్లకు ఇదే ఇబ్బంది ఎదురైతే మాత్రం ఉబుంటును కదిలించకుండా, విండోస్ రిజిస్ట్రీలో రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్ అనే విలువను 1గా చేర్చుకోమని చెప్పండి.